చక్కెర లేని వైన్ పుల్ల ఐసు: అల్యులోజ్ వాడి చూశాక

వైన్‌తో పుల్ల ఐసు చేసుకోవాలి, అందులో చక్కెర ఉండకూడదు అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: చక్కెర బదులు వాడే అల్యులోజ్ అనే తీపి పొడి కొనుక్కోండి. అలా చక్కెర బదులు అమ్మే ఎరిత్రిటాల్, స్టీవియా, మాంక్ ఫ్రూట్ కలిపిన పొడి, అన్నీ వాడి చూశాకే ఈ మాట అంటున్నాను. కాఫీలో వీటిలో ఏది వేసుకున్నా సర్దుకుపోవచ్చు. ఫ్రీజర్‌లో పెట్టాకే దేని సంగతేంటో తెలుస్తుంది.

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఇక్కడి ఎండాకాలం మా విజయవాడకి ఏమీ తీసిపోదు, జూలై ఆగస్టుల్లో వంద ఫారెన్‌హీట్ దాటడం మామూలే. మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, ఏ1సీ, నాకు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంటారు కాబట్టి డాక్టర్ మందులు రాయలేదు, తిండి మార్చమన్నారు. అమ్మకి ఫోన్‌లో చెబితే వెంటనే "వీఆర్‌కే డైట్ చెయ్యవే" అంది. నేను అంత కఠినంగా వెళ్లలేదు గానీ అన్నం, ఇడ్లీ, చపాతీ పక్కన పెట్టి రోజుకి 50 గ్రాముల పిండిపదార్థాల లోపు ఉంటున్నాను. వాటిని మానడం కష్టంగా లేదు. కష్టమల్లా శనివారం సాయంత్రాలే. ఎవరో ఒకరింటి బ్యాక్‌యార్డ్‌లో అందరం చేరతాం, ఆడవాళ్ల చేతుల్లో మాస్కాటో అనే తీపి వైన్ గ్లాసులుంటాయి. మాస్కాటో ద ఆస్తీలో లీటరుకి 100 గ్రాములకి పైగానే చక్కెర ఉంటుంది. ఒక గ్లాసు తాగితే ఆ రోజు కోటాలో మూడో వంతు అక్కడే అయిపోతుంది.

తీపి లేని డ్రై వైన్ అయితే ఆ బాధ లేదు. 100 మిల్లీలీటర్లకి పిండిపదార్థాలు దాదాపు 2.6 గ్రాములు. కానీ డ్రై వైన్‌ని గడ్డకట్టిస్తే నోట్లో పుల్లగా, వగరుగా ఉంటుంది. చల్లదనానికి నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది, వగరు ఎక్కువగా తెలుస్తుంది. అందుకని తీపి ఏదో ఒకటి వెయ్యక తప్పదు.

ముందు షాపులో దొరికే వైన్ పుల్ల ఐసులే చూశాను. "షుగర్ ఫ్రీ" అని పెద్దక్షరాలతో రాసిన ఒక పెట్టె కొన్నాను, కంపెనీ పేరు వద్దులెండి. వెనక చిన్నక్షరాల్లో మాల్టిటాల్ అని ఉంది. మాల్టిటాల్ చక్కెర కాకపోవచ్చు గానీ రక్తంలో గ్లూకోజ్‌ని పెంచుతుంది, తిన్నది గ్లూకోజ్‌ని ఎంత పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ దానికి 35 దాకా ఉంటుంది. పైగా కడుపుబ్బరం. షుగర్ ఉన్నవాళ్లు పెట్టె ముందున్న ఆ మాట నమ్మి తింటారు కదా అని నాకు నిజంగా కోపం వచ్చింది. ఆల్కహాల్ 7 శాతం లోపు ఉన్న వైన్ ఉత్పత్తులకి అమెరికాలో మామూలు ఆహార పదార్థాల లేబుల్ నియమాలే వర్తిస్తాయి, కాబట్టి వివరాలు ఉంటాయి. తిప్పి చదవండి.

ఇక ఇంట్లో చేసుకోవడం సంగతి. పుల్ల ఐసులో చక్కెర చేసే పని తీపి ఒక్కటే కాదు. నీళ్లలో కరిగి, అవి గడ్డకట్టే స్థాయిని కిందికి దించుతుంది. అందువల్లే పంటికి దిగేంత మెత్తగా ఉంటుంది. ఆల్కహాల్ కూడా అదే పని ఇంకా గట్టిగా చేస్తుంది. 12, 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ మైనస్ 5, 6 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18లో ఉన్నా అది మొత్తం గట్టిపడదు. ముందు నీరు మంచవుతుంది, మిగిలిన ద్రవంలో ఆల్కహాల్ చిక్కబడుతూ పోతుంది. ఉత్త వైన్‌ని అచ్చులో పోస్తే పుల్లకి పట్టని తడి మంచుపొడి మిగిలేది అందుకే.

స్టీవియా చుక్కలతో చేసినప్పుడు దీనికి పూర్తిగా ఉల్టా జరిగింది. స్టీవియా చక్కెర కంటే 200 నుంచి 300 రెట్లు తీపి, కాబట్టి వేసేది నాలుగు చుక్కలే. తీపి వచ్చింది గానీ గడ్డకట్టే స్థాయిని దించేంత పదార్థం అందులో ఏముంది? నీళ్లు కలిపిన వైన్ బిగుసుకుపోయింది. చిన్నప్పుడు స్కూలు గేటు దగ్గర కొన్న పుల్ల ఐసులో రంగంతా పీల్చేశాక తెల్లటి ఉత్త ఐసు మిగిలేది చూడండి, అచ్చం అలాగే. రెండు చప్పరింతలకే వైన్ అంతా వచ్చేసింది, చేతిలో ఐసుగడ్డ మిగిలింది. చివర్లో నాలుక మీద ఆ స్టీవియా చేదు కూడా.

ఎరిత్రిటాల్ మీద నాకు ఆశ ఉండేది. కేలరీలు దాదాపు లేవు, గ్లూకోజ్‌ని కదిలించదు. చేసిన రోజు సాయంత్రం బాగానే ఉంది. మర్నాడు అచ్చులోంచి తీస్తే పైన తెల్లటి పలుకులు తేలాయి. మా వదిన ఒక కొరుకు కొరికి, "ఏంటే, ఇసుక పడిందా ఇందులో?" అంది. చల్లటి నీళ్లలో ఎరిత్రిటాల్ ఎక్కువ నిలవదు, మళ్లీ పలుకుకట్టి బయటికి వచ్చేస్తుంది. నీరు మంచవుతున్నకొద్దీ మిగిలిన కాసింత ద్రవంలో అది ఇంకా ఇమడదు. ఆ పలుకులు నోట్లో కరిగేటప్పుడు పిప్పరమెంటు తిన్నట్టు ఒక చల్లదనం కూడా వస్తుంది. స్ట్రాబెర్రీకీ వైన్‌కీ మధ్యలో అదెందుకు? మాంక్ ఫ్రూట్ పేరుతో నేను కొన్న ప్యాకెట్‌లోనూ ఎక్కువ భాగం ఎరిత్రిటాలే, కాబట్టి అదీ అంతే. 2023లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది, రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనిపించాయని. కారణం అదేనని తేలలేదు గానీ, రోజూ పెద్ద మోతాదులో వాడాలన్న ఉత్సాహం నాకు అక్కడితో పోయింది.

అల్యులోజ్ విషయంలో ఈ తంటాలేవీ లేవు. ఇది నిజానికి చక్కెర జాతిదే, అంజూరలో, ఎండుద్రాక్షలో కొద్దిగా ఉంటుంది. మన ఒళ్లు దాన్ని శక్తిగా వాడుకోదు, చాలావరకు మూత్రంలో పోతుంది. గ్రాముకి 0.4 కేలరీ. 2019లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని లేబుల్ మీద చక్కెరల లెక్కలో చూపించనక్కర్లేదంది. మొత్తం కార్బోహైడ్రేట్ల అంకెలో మాత్రం కలిసే ఉంటుంది, అది చూసి కంగారు పడొద్దు. దీని అణువు మామూలు చక్కెర అణువులో దాదాపు సగం బరువే. అందుకే అంతే గ్రాములు వేసినా గడ్డకట్టే స్థాయిని దాదాపు రెట్టింపు దించుతుంది. ఐసు మెత్తగా వస్తుంది, పలుకులు కట్టదు, చేదు లేదు. తీపి చక్కెరలో 70 శాతం. వంటకి అది కొంచెం తక్కువే అనిపించవచ్చు గానీ వైన్ ఐసుకి సరిగ్గా సరిపోతుంది. వైన్ రుచి తెలుస్తుంది.

నేను స్థిరపడిన కొలత ఇది. 150 మిల్లీలీటర్ల నీళ్లలో చిటికెడు చైనా గ్రాస్ పొడి వేసి రెండు నిమిషాలు బాగా మరగనివ్వాలి. అందులోనే 60 గ్రాముల అల్యులోజ్ కరిగించాలి. 100 గ్రాముల స్ట్రాబెర్రీలు మిక్సీలో మెత్తగా తిప్పి, రెండు చెంచాల నిమ్మరసంతో కలిపి, పొయ్యి దించిన నీళ్లలో పోయాలి. చివరగా 200 మిల్లీలీటర్ల డ్రై రోజే (గులాబీ రంగు) వైన్ సన్నధారగా పోస్తూ తిప్పుతూ ఉండాలి. వైన్ ఫ్రిజ్‌లోంచి తీసి పోస్తే చైనా గ్రాస్ ఉండకడుతుంది, బయట పెట్టిన సీసానే వాడండి. జెలటిన్ కూడా పనిచేస్తుంది గానీ మా ఇంట్లో శాకాహారులున్నారు. దీనికి ఆరు పుల్లలు వస్తాయి. ఒక్కోదానిలో అల్యులోజ్ కాకుండా 2 గ్రాముల పైచిలుకు పిండిపదార్థాలు, 40 లోపు కేలరీలు, 33 మిల్లీలీటర్ల వైన్. అంటే గ్లాసులో పావు వంతు కూడా కాదు. మొత్తం మిశ్రమంలో ఆల్కహాల్ 5 శాతం దగ్గరే, అందుకే పుల్లకి నిలుస్తుంది. వైన్ ఎక్కువ పోద్దామన్న ఆశ పుట్టడం సహజమే, పోస్తే మాత్రం మళ్లీ మంచుపొడే.

వైన్లలో రోజే, తెల్ల వైన్ అయిన సోవిన్యాన్ బ్లాంక్ బాగా వచ్చాయి. సోవిన్యాన్‌లోని ఆ పచ్చి జామకాయ వాసన ఫ్రీజర్‌లో కూడా పోదు. కాబెర్నే లాంటి ఎర్ర వైన్ వద్దు, చల్లబడితే దాని వగరు నాలుకని పట్టేస్తుంది. బుడగల వైన్‌ని గడ్డకట్టించడం దండగ, బుడగలు పోతాయి. సీసాతో సహా ఫ్రీజర్‌లో మర్చిపోతే పగిలే ప్రమాదం కూడా ఉంది. బుడగల వైన్‌ని గ్లాసులో పోసి పుల్ల ఐసుని తలకిందులుగా ముంచుకుంటే బాగుంటుంది. సీసా మీద "బ్రూట్ నేచర్" అని చూసి కొనండి, లీటరుకి 3 గ్రాముల లోపు చక్కెర. "ఎక్స్‌ట్రా డ్రై" అన్న పేరు చూసి చక్కెర ఉండదనుకుంటారు, అందులో 12 నుంచి 17 దాకా ఉంటుంది.

హైదరాబాద్‌లో మా చెల్లి ఎరిత్రిటాల్‌తోనే చేస్తానంటే అచ్చులు వద్దన్నాను. నాసిక్ సోవిన్యాన్ బ్లాంక్ తీసుకుని, తీపి సగానికి తగ్గించి, వెడల్పు గిన్నెలో పోసి అరగంటకోసారి ఫోర్కుతో గీకమన్నాను. ఆ సాయంత్రమే తినేస్తే పలుకులు కట్టే టైమ్ ఉండదు.

గ్లూకోజ్ సంగతి. నేను చేతికి గ్లూకోజ్‌ని గీతగా చూపించే సెన్సర్ పెట్టుకుంటాను. రాత్రి భోజనం అయిన మూడు గంటలకి రెండు పుల్లలు తింటే గీత కదల్లేదు. కానీ దాన్ని చూసి సంబరపడటానికి లేదు. ఆల్కహాల్ లోపలికి వెళ్తే కాలేయం ముందు దాని పని చూస్తుంది, కొత్త గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదలడం తగ్గిస్తుంది. అల్యులోజ్ మంచిదో, ఆల్కహాల్ దాచిపెట్టిందో ఎలా తెలుస్తుంది? అందుకని వైన్ బదులు చిక్కటి మందార టీ పోసి అదే కొలతతో చేసి తిన్నాను. అప్పుడూ గీత కదల్లేదు, కాబట్టి నా ఒంటికి అల్యులోజ్ పడిందనే నా నమ్మకం. కొవ్వు కరగడం మాత్రం ఆల్కహాల్ ఉన్నంతసేపు వెనకబడుతుంది, వారానికి ఒక్క సాయంత్రమే తింటాను.

రెండుకి మించి తినను కూడా. అల్యులోజ్ ఒకేసారి కిలో బరువుకి 0.4 గ్రాము దాటితే కడుపులో గడబిడ మొదలవుతుందంటారు. 60 కిలోల మనిషికి 24 గ్రాములు, పుల్లకి 10 చొప్పున లెక్క వేసుకోండి. ధర కూడా ఎక్కువే, నేను కొన్న పౌండు ప్యాకెట్ పది డాలర్ల దగ్గర పడింది. దాంతో ఏడు వాయిలు వస్తాయి కాబట్టి నాకు బరువనిపించలేదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. వదినగారి భర్త, మా అన్నయ్యగారు, షుగర్‌కి గ్లిమెపిరైడ్ వేసుకుంటారు. ఆ రకం మందులు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లకి ఆల్కహాల్ వల్ల గ్లూకోజ్ ఒక్కసారిగా పడిపోవచ్చు, అదీ నిద్రలో. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు కూడా ఆల్కహాల్ ఎక్కువ తాగకూడదు. అలాంటివాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఇది ముట్టుకోవద్దు. అన్నయ్యగారికి మందార టీవే ఇస్తాను, రంగులో తేడా తెలియదు. అందుకే వైన్‌వి పొడుగు అచ్చుల్లో, మందారవి గుండ్రటి అచ్చుల్లో పోస్తాను. పిల్లలున్న ఇల్లు కాబట్టి వైన్‌వి గట్టయ్యాక తీసి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, మీద మార్కర్‌తో రాసి, గరాజ్‌లోని ఫ్రీజర్‌లో పై అరలో ఉంచుతాను.