మందు కూరే తుపాకీకి చిత్తూరులో చేయించిన సర్వీసు

చిత్తూరు బజారులో తుపాకుల అమ్మకానికీ మరమ్మతుకూ ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఒక పాత దుకాణంలో, మూతి వైపు నుంచి మందు కూరే మా ఒంటి గొట్టం తుపాకీని ఈ ఏడాది వేరుశనగ అదునుకు ముందు సర్వీసు చేయించాను. తుపాకీ మందు పోసి, దాన్ని అదిమి ఉంచే మెత్తటి బిళ్లను మీద పెట్టి, కడ్డీతో నెడితే సగం గొట్టం వరకు సులువుగా దిగి, ఆ తరువాత ఎంత బలం పెట్టినా కదలకపోవడం దాని జబ్బు. పని పూర్తయి, పంట కాపలాలో కొంతకాలం వాడి చూసిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను. గొట్టం కడగడం ఇంట్లో ఎవరైనా నేర్చుకోగలిగిన పనే. కూరడం ఎందుకు కష్టమవుతున్నదో కారణం పట్టుకోవడం మాత్రం అందరికీ చేతకాదు, ఆ దుకాణం గొప్పతనం అక్కడే ఉందని నా అభిప్రాయం.

మా పొలం పలమనేరు వైపు, అడవికి దగ్గరగా ఉంటుంది. తుపాకీ మా నాయనది. ఆయన తరువాత లైసెన్సు నా పేరు మీదికి మారే వరకు అది డిపాజిట్‌లోనే ఉండిపోయింది. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ కోసం మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ప్రత్యేకంగా ఉంది. మాది ఆ కోవకు చెందినదే. పంట రక్షణ లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవి పందిని చంపే హక్కు రాదు, దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేరుగా ఉంది. కాబట్టి మేము గుళ్లు వేయకుండా, మందూ బిళ్లా మాత్రమే కూరి, పందుల గుంపును బెదరగొట్టే శబ్దం కోసమే దీన్ని వాడతాము. కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగులు దిగిన రాత్రుల్లో తుపాకీ ఇంట్లోనే ఉంటుంది. ఆ పని అటవీ సిబ్బందిది.

దుకాణంలో పని చేసే పెద్దాయన ముందుగా లైసెన్సు పుస్తకం అడిగి, గొట్టం మీది నంబరును పుస్తకంలోని నంబరుతో సరిచూసి, రిజిస్టరులో రాసుకున్నారు. ఆ తరువాత నాకు నచ్చిన మొదటి పని చేశారు. తుపాకీ ఖాళీగానే ఉందని నేను చెప్పినా, ఆ మాట మీద ఆధారపడకుండా, కడ్డీని గొట్టంలోకి జారవిడిచి, మూతి దగ్గర బొటనవేలితో గుర్తు పట్టి, అదే కడ్డీని బయట గొట్టానికి ఆనించి చూశారు. గొట్టం నిజంగా ఖాళీ అయితే కడ్డీ కొన నిపిల్ దగ్గరి దాకా, అంటే మందుకు నిప్పు అందించే రంధ్రం ఉన్న అడుగు ముక్క దాకా, రావాలి. ఇక్కడ అది ఒక వేలు మందం పైనే ఆగిపోయింది. లోపల ఉన్నది పాత మందు కూడా కావచ్చునని, ఇంకే పనిముట్టూ పెట్టకుండా గొట్టం నిండా నీళ్లు పోసి నానబెట్టారు. తడిసిన మందుకు నిప్పు అంటుకోదు కనుక, అనుమానం ఉన్న తుపాకీకి ఇంతకన్నా మంచి మొదటి మెట్టు లేదు. ఇలాంటి సందర్భంలో నిపిల్ మీద క్యాప్ (దెబ్బ తగిలితే పేలి మందును అంటించే చిన్న టోపీ) పెట్టి పేల్చేస్తే లోపలిది బయటికి వచ్చేస్తుందని సలహా ఇచ్చేవారు మా ఊళ్లలో ఉన్నారు. మందుకూ దాని మీద ఇరుక్కున్న అడ్డుకూ మధ్య ఖాళీ మిగిలి ఉండగా పేలిస్తే గొట్టం ఉబ్బిపోవచ్చు, పగిలిపోనూవచ్చు. పట్టుకున్నవారి చేతికీ కంటికీ అది ముప్పు.

పోసిన నీళ్లు కింద నిపిల్ రంధ్రం నుంచి సన్నగా ధార కట్టాలి. మా తుపాకీలో ఎంతసేపటికీ ఒక్కొక్క చుక్కే రాలింది. పెద్దాయన దాన్ని చూపించి, “నాయనా, కూరేది కష్టంగా ఉందంటే మసి ఒక్కటే అనుకోవద్దు, గాలి పోయే దారి ఉందో లేదో ముందు చూసుకో” అన్నారు. ఈ మాటలో ఉన్న విషయం నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. బిళ్ల గొట్టానికి బిగువుగా సరిపోయినప్పుడు, దాన్ని కిందికి నెట్టే కొద్దీ కింద ఉన్న గాలి నిపిల్ గుండా బయటికి పోవాలి. నిపిల్ మూసుకుపోయి ఉంటే ఆ గాలి లోపలే నొక్కుకుపోయి బిళ్లను వెనక్కి తోస్తుంది. పైభాగంలో సులువుగా దిగి, కింది భాగంలో మొండికేయడానికి ఒక కారణం అదే. క్యాప్ పెట్టకుండా, గుర్రాన్ని, అంటే క్యాప్ మీద కొట్టే సుత్తిని, సగం ఎత్తి ఉంచి కూరాలని పాతవారు చెప్పేది కూడా గాలికి దారి ఇవ్వడం కోసమే. గుర్రం నిపిల్ మీద వాలి ఉంటే రంధ్రం మూతపడుతుంది.

తరువాత నిపిల్‌ను దానికి సరిపోయే పానాతో విప్పి, గొట్టాన్ని కర్ర నుంచి వేరు చేసి, లోపలికి చిన్న దీపం జారవిడిచి నన్ను కూడా చూడమన్నారు. అడుగున, మందు కూర్చునే చోటికి కొంచెం పైన, వలయంలా నల్లటి గార కట్టి ఉంది. ఉప్పునీటి బోరు పైపులో పేరుకునే గార ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. పాత కాలంలో మా నాయన మందు మీద కొబ్బరి పీచు కూరేవారు. ఆ పీచు కొసలు కూడా మసిలో కలిసి గట్టిపడి కనిపించాయి.

ఈ గార ఎందుకు ఇంత గట్టిపడుతుందో తెలిస్తే శుభ్రం చేసే పద్ధతి కూడా అర్థమవుతుంది. సూరేకారం, బొగ్గు, గంధకం కలిసిన తుపాకీ మందు కాలినప్పుడు తూకంలో సగానికి పైగా పొగగా పోకుండా ఘనపదార్థంగానే మిగులుతుంది. అందులో ఎక్కువ భాగం పొటాషియం లవణాలు: కార్బొనేటు, సల్ఫేటు, సల్ఫైడు. ఇవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. పీల్చుకున్న తేమతో ఇనుమును తినివేస్తాయి, మళ్లీ ఎండినప్పుడు పెళుసుగా, గట్టిగా మారతాయి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల ముసురు పడుతుంది కాబట్టి, కడగకుండా పక్కన పెట్టిన గొట్టం రాత్రికి రాత్రే తుప్పు మొదలుపెడుతుంది. అయితే ఈ లవణాలు నీటిలో సులువుగా కరుగుతాయి. అందుకే మందు తుపాకీకి మొదటి మందు నీళ్లే. మసి ఉండగానే మోటారు బండ్లకు వాడే నూనె పోసి తుడిస్తే, నూనె మసితో కలిసి తారులాగా మారి గొట్టానికి అంటుకుంటుంది.

ఆ దుకాణంలో కడిగిన తీరు ఇది. గోరువెచ్చకన్నా కాస్త ఎక్కువ వేడి ఉన్న నీళ్లను బకెట్టులో పోసి, గిన్నెలు తోమే సబ్బు నీళ్లు కొద్దిగా కలిపి, గొట్టం అడుగు భాగాన్ని అందులో ముంచారు. కడ్డీ కొనకు గుడ్డను పట్టి ఉంచే ఇత్తడి ముక్క, జాగ్, బిగించి, దాని మీద నూలు గుడ్డ ముక్క వేసి, మూతి నుంచి లోపలికి దింపి పైకీ కిందికీ ఆడించారు. గుడ్డ పైకి వచ్చినప్పుడల్లా నిపిల్ రంధ్రం గుండా బకెట్టు నీళ్లు లోపలికి ఎక్కి, కిందికి పోయినప్పుడు నల్లగా బయటికి చిమ్మాయి. కుళ్లిన గుడ్డు వాసన దుకాణమంతా వ్యాపించింది. అది మసిలోని సల్ఫైడు నీటితో కలిసినప్పుడు వచ్చే వాసన. నీళ్లు మార్చి మార్చి, తెల్లగా వచ్చే దాకా ఆ పని ఆపలేదు. మరిగే నీళ్లు ఎందుకు పోయలేదని అడిగితే, అంత వేడికి గొట్టం క్షణంలో ఆరి, ఆరీ ఆరగానే పలచటి ఎర్ర తుప్పు లేచే ప్రమాదం ఉందని చెప్పారు. అడుగున ఉన్న గారకు మాత్రం నీళ్లు చాలలేదు. గొట్టం అడుగు ఆకారానికి సరిపోయేలా చదునుగా ఉన్న ఇత్తడి గీకుడు బిళ్లను కడ్డీకి బిగించి, నెమ్మదిగా తిప్పుతూ గీకారు. కంచు తీగల బ్రష్షు ఆయన దగ్గర ఉంది, కాని అడుగు దాకా దింపలేదు. బిగువైన గొట్టంలో వెనక్కి లాగేటప్పుడు తీగలు తిరగబడి బ్రష్షు అక్కడే ఇరుక్కుపోతుందట. చివరికి పొడి గుడ్డలతో తేమ లేకుండా తుడిచి, గొట్టం ఇంకా వెచ్చగా ఉండగానే పలచగా నూనె రాశారు.

ఇంతటితో పని అయిపోయిందని నేను అనుకుంటుండగా, మీరు వాడే బిళ్లలు చూపించమన్నారు. నేను తీసుకువెళ్లినవి 12 బోరు తూటాల కోసం ఫెల్టుతో, అంటే ఒత్తిన ఉన్నితో, తయారైన బిళ్లలు. ఒక పౌండు సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు వ్యాసానికి సమానమైన గొట్టం లోపలి వెడల్పే 12 బోరు. అది సుమారు 18.5 మిల్లీమీటర్లు. మా గొట్టాన్ని కొలిస్తే 18 మిల్లీమీటర్లే తేలింది, అంటే 13 బోరుకు దగ్గర. పాత తుపాకులలో ఇలాంటి తేడా అసాధారణం కాదు. శుభ్రంగా ఉన్న గొట్టంలోనే బిగువుగా పోయే బిళ్ల, రెండు మూడు పేలుళ్ల మసి చేరిన తరువాత దిగకపోవడంలో ఆశ్చర్యం లేదు. గొట్టం ఎంత కడిగినా, బిళ్ల మారకపోతే జబ్బు మళ్లీ వస్తుంది. తోలు పనివారు వాడే గుండ్రటి పంచ్‌తో మా గొట్టం కొలతకే బిళ్లలు కత్తిరించి ఇచ్చారు. తేనెమైనం, కొబ్బరి నూనె కలిపి కరిగించిన ముద్దను ఫెల్టుకు రాసి, మందుకు ఆనే అట్ట బిళ్లకు సూదితో సన్నని రంధ్రం పొడిచారు. ఆ ముద్ద మసిని మెత్తగా ఉంచుతుంది, రంధ్రం గాలికి దారి ఇస్తుంది.

ఈ దుకాణం మీద నాకు గౌరవం పెరగడానికి కారణం, వారు చేయనన్న పని. దీపం వెలుగులో అడుగు భాగాన తుప్పు తిన్న గుంతలు కనిపించాయి. డబ్బు ఎంతయినా ఇస్తాను, గొట్టాన్ని లోపల చెక్కించి నున్నగా చేయండని నేను అడిగాను. పెద్దాయన ఒప్పుకోలేదు. పేలుడు ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది ఆ అడుగు భాగంలోనే. అక్కడ ఇనుము మందం తగ్గిస్తే తుపాకీ బలం తగ్గుతుంది, పైగా బోరు కొలత మారితే లైసెన్సు వివరాలతో పేచీ వస్తుంది. సన్నని పాలిష్ ముద్దతో గుడ్డ ఆడించి అంచులు మాత్రం నునుపు చేశారు. గుంతల్లో మసి కొద్దిగా చేరుతూనే ఉంటుందనీ, అందుకే పేల్చిన రోజే కడగాలనీ స్పష్టంగా చెప్పారు. వచ్చే ఆదాయాన్ని వదులుకుని ఇలా నిజం చెప్పే చోటు దొరకడం రైతుకు పెద్ద ధైర్యం. లైసెన్సు లేని కొలిమిలో ఇలాంటి గొట్టాలను చెక్కించుకునేవారు ఉన్నారు. తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు తప్పనిసరి అని ఆయుధాల చట్టం 5వ సెక్షన్ చెబుతున్నది, ప్రాణభయం దానికి అదనం.

లోపాలు లేవని చెప్పను. మా నిపిల్ రంధ్రం తుప్పుతో కొంచెం వెడల్పయింది. అలా ఉంటే పేలినప్పుడు వేడి గాలి వెనక్కి చిమ్ముతుంది. దాని మర చుట్లకు సరిపోయే కొత్త నిపిల్ వారి దగ్గర లేదు, ఎప్పుడు తెప్పిస్తారో కచ్చితంగా చెప్పలేదు. పాతదాన్నే శుభ్రం చేసి బిగించారు. గొట్టాన్ని కర్ర నుంచి విప్పేటప్పుడు మేకు దగ్గర వార్నిష్ కాస్త లేచింది. కొలిచిన బోరు వివరం బిల్లు మీద రాయలేదు, నేను అడిగి వేరే కాగితం మీద రాయించుకోవలసి వచ్చింది. కూలి 600 రూపాయలు, కత్తిరించిన బిళ్లలకూ ఇత్తడి జాగ్‌కూ వేరుగా తీసుకున్నారు. చేసిన పనికి అది న్యాయమైన ధరే, కాని ముందుగా విడివిడిగా చెప్పి ఉంటే బాగుండేది.

ఫలితం విషయానికి వస్తే, ఇప్పుడు బిళ్ల అరచేతి ఒత్తిడితోనే అడుగు దాకా దిగుతున్నది. కడ్డీ మీద, ఖాళీ గొట్టానికి ఒకటీ మందు కూరిన గొట్టానికి ఒకటీ గీతలు పెట్టించుకున్నాను కనుక, బిళ్ల మందు మీద కూర్చున్నదో లేదో చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది. రెండు మూడు పేలుళ్లకు ఒకసారి తడి గుడ్డ, వెంటనే పొడి గుడ్డ ఆడిస్తున్నాను. దీనివల్ల మసి మెత్తబడడమే కాకుండా, లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే ఆరిపోతుంది. మందు పోసే ముందు నూనెను పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి, ఖాళీ తుపాకీ మూతిని నేల మీది ఎండుటాకు వైపు పెట్టి ఒక్క క్యాప్ పేల్చి చూస్తున్నాను. ఆకు కదిలితే దారి తెరిచి ఉన్నట్టే.

వెళ్లదలచినవారు తుపాకీ ఖాళీగా, కవరులో పెట్టి, అసలు లైసెన్సు పుస్తకంతో వెళ్లాలి. తాము వాడే బిళ్లలనూ, కూరే కడ్డీనీ తప్పక వెంట తీసుకువెళ్లాలి, ఎందుకంటే వాటిని చూడకుండా ఆ పెద్దాయన పని మొదలుపెట్టినా ముగించరు. ఆయన ఉదయం పూట మాత్రమే ఉంటారు. మధ్యాహ్నం వెళితే తుపాకీ తీసుకుని రాసుకుంటారే గాని గొట్టం చూసేవారు ఉండరు.