మా దేవుడి గూట్లో జిబ్రాల్టర్ నోట్లు

మా దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన ఐదు ఇరవై పౌండ్ల నోట్లున్నాయి. రాణిగారి బొమ్మ ఉంది, పౌండ్లని రాసుంది, కానీ లండన్‌లో చెల్లవు. వాటిని చూసినప్పుడల్లా ఆ లాడ్జి గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

2023 అక్టోబరులో నేను, మా ఆవిడ, రాజమండ్రి నుంచి వచ్చిన అత్తయ్యగారు మూడు రోజులకని జిబ్రాల్టర్ వెళ్లాం. స్పెయిన్ దక్షిణ కొసన, 1713లో యూట్రెక్ట్ ఒప్పందంతో స్పెయిన్ బ్రిటన్‌కి వదులుకున్న కొండ అది. మొత్తం 6.8 చదరపు కిలోమీటర్లు, ఇప్పటికీ బ్రిటన్‌దే. సరిహద్దు దాటి స్పెయిన్ వైపు లా లీనియా ఊళ్లో దిగితే గదులు చవక. స్పెయిన్‌లోకి వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసా అత్తయ్యగారికి లేదు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. (వీసా నియమాలు మారుతున్నాయి, మీరు బయల్దేరేముందు సరిచూసుకోండి.)

అలా లోపలే రాత్రికి 128 పౌండ్ల గది తీసుకున్నాం. సముద్రం కనబడుతుందన్నారు. కిటికీ తీస్తే ఎదురింటివాళ్లు ఆరేసిన దుప్పట్లు కనబడ్డాయి. మునివేళ్ల మీద నిలబడితే రేవులో క్రేన్ కొస కనబడింది. "ఈ డబ్బుతో అన్నవరంలో పెళ్లి చేసెయ్యొచ్చు బాబూ," అన్నారు అత్తయ్యగారు. గది ఎంచింది మా ఆవిడ. ఆ సాయంత్రమంతా మాట్లాడలేదు.

అసలు దెబ్బ డిపాజిట్ దగ్గర తగిలింది. నగదే కావాలంటే ఐదు ఇంగ్లండ్ ఇరవైలు ఇచ్చాను. చివరి రోజు తెల్లవారుజామున కౌంటర్‌లో కుర్రాడు ఐదు ఇరవైలు చేతిలో పెట్టాడు. నిద్రమత్తులో జేబులో వేసుకున్నాను. లండన్‌లో టీకి నోటిస్తే ఆ అమ్మాయి తిప్పి చూసింది, వెలుతురుకి ఎత్తి చూసింది, మేనేజర్‌ని పిలిచింది. అప్పుడు చదివాను: 'గవర్నమెంట్ ఆఫ్ జిబ్రాల్టర్'. మా ఆవిడ నాకేం సంబంధం లేదన్నట్టు రెండడుగులు పక్కకి జరిగింది. లాడ్జికి ఫోన్ చేస్తే "రెండిటి విలువా ఒకటే కదా సార్" అన్నాడు. ఒకటే, వాళ్ల ఊళ్లో! మా బ్యాంకు శాఖలోనూ తీసుకోలేదు.

1967 రిఫరెండంలో బ్రిటన్‌తోనే ఉంటామని 12,138 మంది ఓటేస్తే, స్పెయిన్ వైపు పడ్డవి 44. అంతగా అంటిపెట్టుకున్నవాళ్ల నోటుకి లండన్‌లో టీ కూడా రాదు. అందుకని అక్కడ ఏటీఎం జోలికి పోకండి, కార్డు గీకండి. చిల్లర ఇచ్చేటప్పుడు ఇంగ్లండ్ నోట్లే కావాలని మొహమాటం లేకుండా అడగండి. స్థానిక నోట్లు మిగిలితే విమానం ఎక్కేలోపే ఖర్చుపెట్టేయండి.

ఊరిని మాత్రం వంక పెట్టను. మనిషికి 40 పౌండ్ల చొప్పున టాక్సీలో కొండెక్కి గుహ, సొరంగాలు చూశాం. అత్తయ్యగారు కోతులకి దణ్ణం పెట్టబోయి ఆగిపోయారు. "వీటికి తోకల్లేవేంటి?" బార్బరీ కోతులు, పుట్టుకే అంత. తిండి పెడితే జరిమానా. అయినా ఒకటి మా పులిహోర పొట్లం లాక్కుపోయింది, మిరపకాయలు ఏరి పారేసి తింది. నడవొద్దని మేం మొత్తుకున్నా వినకుండా అత్తయ్యగారు విమానాల రన్‌వేని కాలినడకన రెండుసార్లు దాటారు. కార్లకి సొరంగం వేసినా నడిచేవాళ్లని ఇంకా రన్‌వే మీదుగానే పంపిస్తారు, విమానం లేనప్పుడు.

ఇంజనీర్ లేన్‌లో హిందూ గుడి ఉంది. అక్కడి సింధీ వ్యాపారుల పూర్వీకులు హైదరాబాద్ నుంచి వచ్చారని తెలిసి అత్తయ్యగారు పొంగిపోయారు. అది సింధ్‌లోని హైదరాబాదని నేను చెప్పలేదు. కలెంటీటా అని అమ్ముతారు, శనగపిండిని నీళ్లలో జారుగా కలిపి, నూనె పోసి పొయ్యిలో కాల్చింది. "పచ్చిమిర్చి పడాలిగానీ మన అట్టే," అని రెండు ముక్కలు తిన్నారు.

నోట్లు గూట్లో పెట్టింది కూడా అత్తయ్యగారే, డబ్బు డబ్బేగా అని. మీలో ఎవరైనా జిబ్రాల్టర్ వెళ్తుంటే చెప్పండి. వందకి తొంభై ఇచ్చినా చాలు.