ఫొటో ఫ్రేముకి పిన్ గన్నా, బ్రాడ్ గన్నా, సుత్తీ మేకులా? ఏది మేలు?

పావంగుళం మందం టేకు పట్టీకి సుత్తితో మేకు కొడితే చివర నిలువునా చీలుతుంది. అప్పటికే కొలిచి, కోసి, ఉప్పు కాగితం పట్టిన ముక్క అది. ఫొటో ఫ్రేములు, చిన్న నగల పెట్టెలు, దేవుడి మందిరం అంచు పట్టీలు చేస్తూ నేను అన్ని పద్ధతులూ వాడి చూశాను. ఇలాంటి సన్నటి పనులకి నా ఓటు పిన్ గన్‌కే, అంటే గాలి ఒత్తిడితో సన్న పిన్నులు చెక్కలోకి దింపే గన్‌కే. కాకపోతే దాని పని ఏమిటో తెలిసి కొనాలి. తెలియకుండా కొన్నవాళ్లు నెల తిరక్కుండా "ఇది అసలు పట్టదండీ" అంటారు.

నిజమే, పట్టదు. పిన్ గన్‌లో వేసేవి 23 గేజి పిన్నులు. గేజి అంకె పెరిగేకొద్దీ మేకు సన్నబడుతుంది, 23 గేజి అంటే సుమారు 0.6 మిల్లీమీటర్లు. చాలావాటికి తల ఉండదు కాబట్టి ముక్కని కాస్త గట్టిగా లాగితే ఊడి వస్తుంది. మన వడ్రంగుల చేతుల్లో ఎక్కువగా కనిపించే బ్రాడ్ గన్, అంటే ఎఫ్-30 గన్, వేరు. అందులో వేసేది 18 గేజి బ్రాడ్ మేకు, మందం 1.2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, పైన చిన్న తల. చెక్కలో అది తీసుకునే చోటు పిన్నుకి దాదాపు నాలుగింతలు. పట్టూ ఎక్కువే, చీల్చడమూ ఎక్కువే.

మరి పిన్ను ఎందుకంటే, జిగురు ఆరేదాకా ముక్క కదలకుండా ఆపడానికి. అతుకు బలమంతా జిగురుదే. కొండపల్లి బొమ్మ చూడండి. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. చిన్న వస్తువుకి జిగురు ఎంత చేయగలదో అందులోనే ఉంది.

ఫ్రేము మూల దగ్గర తేడా బాగా తెలుస్తుంది. 45 డిగ్రీలకి కోసిన రెండు ముక్కలకి తెల్ల జిగురు రాసి జోడిస్తే ఒకదాని మీద ఒకటి జారతాయి. క్లాంపు బిగించేకొద్దీ ఇంకా జారతాయి. సుత్తితో మేకు కొడితే ప్రతి దెబ్బకీ మూల కదులుతుంది. ముందు బర్మాతో సన్న రంధ్రం వేసి, మేకు మొన కాస్త మొద్దు చేసి కొడితే చీలడం తగ్గుతుంది కానీ, ఈ కదలడం తప్పదు. పిన్ గన్ అయితే మూల సరిచూసి, చెరో పక్క నుంచీ ఒక్కో పిన్ను వేస్తే చాలు, అక్కడే నిలిచిపోతుంది. అరగంటో గంటో క్లాంపు పెట్టి కూర్చోకుండా తర్వాతి మూలకి వెళ్లిపోవచ్చు. జిగురుకి పూర్తి బలం రావడానికి మాత్రం ఒక రోజు ఆగాల్సిందే. టేకులో నూనె ఉంటుంది గనుక అతికే ముఖాలని థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరాక జిగురు రాస్తే మంచిది.

అదే మూలకి బ్రాడ్ వేస్తే సన్నటి కొస పగిలే ప్రమాదం ఉంది. పగలకపోయినా గుంట పడుతుంది, లప్పం పెట్టాలి. రంగు వేసే వస్తువైతే ఫరవాలేదు. టేకుకి పాలిష్ చేస్తే మాత్రం లప్పం చుక్క వేరే రంగులో బయటపడుతుంది. నాకు ఇదే అన్నిటికంటే బాధ. పిన్ను రంధ్రం పాలిష్ కింద వెతికితేగానీ కనపడదు.

బరువు మోసే చోట ఈ లెక్క తిరగబడుతుంది. బొమ్మల కొలువు మెట్లు, సొరుగు అడుగు, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెట్టె లాంటివాటిని పిన్నులకి వదలకండి. జిగురుతో పాటు బ్రాడ్ వేయండి, పిల్లలు ఎక్కే అవకాశం ఉంటే స్క్రూలే బిగించండి.

ఏడాదికి ఒకటి రెండు ఫ్రేములు చేసేవాళ్లు ఏ గన్నూ కొనక్కర్లేదు. జిగురు రాసిన ముఖం మీద రెండు మూడు ఉప్పు రవ్వలు చల్లి నొక్కితే జారడం బాగా తగ్గుతుంది. చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి మర్నాటి దాకా వదిలేయండి. వారం వారం చేసేవాళ్లకే గన్ ఖర్చు గిట్టుతుంది.

పిన్ గన్‌కి గాలి తక్కువే కావాలి. 24 లీటర్ల చిన్న కంప్రెసర్ సరిపోతుంది, పీడనం మామూలుగా 60 నుంచి 100 పీఎస్ఐ మధ్య. పనికిరాని ముక్క మీద తక్కువ పీడనంతో మొదలుపెట్టి, పిన్ను చెక్కలోకి పూర్తిగా దిగేదాకా పెంచుకోండి. మెత్తటి చెక్కకి ఎక్కువ పెడితే గన్ ముక్కు గుర్తు పడుతుంది. పని అయ్యాక ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదిలేయాలి. కోస్తా ఉక్కలో ఇది ఒక్క రోజు కూడా మానకూడదు, ఆ తేమ గన్ లోపలికే పోతుంది. నూనె కావాల్సిన రకమైతే రోజూ పనికి ముందు రెండు చుక్కలు వేయండి. శబ్దం ఇబ్బంది అనుకునే అపార్ట్‌మెంటు వాళ్లకి బ్యాటరీ గన్‌లున్నాయి, ధర, బరువు రెండూ ఎక్కువ.

ఒక్కటి మాత్రం ఎవరికి గన్ ఇచ్చినా ముందే చెబుతాను. పిన్ను ఎంత సన్నం అంటే, చెక్క లోపల గట్టి చార తగిలితే వంగి, చార వెంట పోయి పక్క నుంచి బయటికి వస్తుంది. ముక్కని పట్టుకున్న వేలు సరిగ్గా అక్కడే ఉంటుంది. పిన్ను పొడవుకి రెండింతల దూరంలోనైనా వేళ్లుంచండి. ముక్క మరీ చిన్నదైతే ఇంకో చెక్కతో నొక్కిపట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి. పిన్ను ఇరుక్కుంటే గాలి గొట్టం ఊడదీశాకే గన్ ముక్కు విప్పండి.