అనంతపురం సాయినగర్ ఆదివారం స్పీచ్ క్లాసు: వెళ్ళొచ్చా అని అడిగేవాళ్ళ కోసం

మైక్ చేతికిస్తే నోరెండిపోయేవాళ్ళు, ఆఫీసులో పీపీటీ ఉందంటే ముందురోజు నుంచే అన్నం సహించనివాళ్ళు అనంతపురంలో గానీ చుట్టుపక్కల గానీ ఉంటే, సాయినగర్ లో ఆదివారం జరిగే ఈ క్లాసుకి వెళ్ళండి అని గట్టిగా చెప్తా. పెద్ద ఇన్‌స్టిట్యూట్ ఏం కాదు, ఒక మేడ మీద హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, ముందర రెండు బల్లలు కలిపి వేసిన స్టేజీ, గోడకి బళ్ళారి రాఘవ ఫోటో (మన తాడిపత్రిలో పుట్టి, వకీలు పని చేస్తానే నాటకాల్లో అంత పేరు తెచ్చుకున్న మనిషి). నేర్పేది రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన, అందరూ మాస్టారు అనే పిలుస్తారు. రెండు నెలల కోర్సుకి 3,000 తీసుకుంటారు, డిగ్రీ చదివే పిల్లలకి సగమే.

నాది ఉద్యాన శాఖలో ఊర్ల మీద తిరిగే ఉద్యోగం. రైతుల మీటింగు పెడితే అంతమంది పెద్దోళ్ళ ముందర నిలబడి చెప్పాల, పై ఆఫీసర్లు రివ్యూ పెడితే పీపీటీ వేసి చెప్పాల. చీనీ (బత్తాయి) తోటల గురించి నిద్రలో లేపి అడిగినా చెప్తా, కానీ లేచి నిలబడితే గుండె దడ, చేతులు చల్లబడిపోవడం, గొంతు సన్నగా అయిపోవడం. చాలామందికి ఉండేదే ఇది కాబట్టి నా సంగతి ఇంతటితో ఆపి క్లాసు గురించి రాస్తా.

మొదటి క్లాసులో నాకు నచ్చింది ఏందంటే ధైర్యంగా ఉండండి, కాన్ఫిడెన్స్ పెంచుకోండి అనే మాట ఒక్కటి కూడా ఆయన నోట రాలేదు. అసలు ఆ టైంలో ఒంట్లో ఏం జరుగుతాదో చెప్పినారు. అంతమంది కళ్ళు మన మీద పడగానే మెదడు దాన్ని ప్రమాదం కిందే లెక్కేస్తాది, అడ్రినలిన్ అనే హార్మోన్ రిలీజ్ అవుతాది, గుండె వేగంగా కొట్టుకుంటాది, లాలాజలం తగ్గిపోతాది కాబట్టి నోరెండుతాది, చేతుల్లో రక్తం తగ్గి చల్లబడతాయి, అంటే ఒళ్ళు దాని పని అది కరెక్టుగానే చేస్తా ఉంది, మనలో ఏ లోపం లేదు. దానికి ఆయన చేయించేది కూడా సింపులే, నాలుగు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చి ఆరు లెక్కపెట్టేంత సేపు వదలమంటారు, వదిలేది పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతాది, స్టేజీ ఎక్కే ముందర కుర్చీలో కూర్చొనే చేసుకోవచ్చు, పక్కనోళ్ళకి తెలీను కూడా తెలీదు.

ఇంకో మాట చెప్పినారు, ఇది నాకు చాలా పనికొచ్చింది. "భయం లేదు భయం లేదు" అనుకోవద్దంట, "నాకు ఉషారుగా ఉంది, చెప్పాలని ఉంది" అనుకోమంటారు. వినడానికి తేలిగ్గా ఉంది గానీ దీని మీద హార్వర్డ్ లో పనిచేసే ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆమె 2014లో రీసెర్చ్ పేపర్ వేసింది, స్పీచ్ ఇచ్చే ముందు మనసుని శాంతపరచుకోవాలని చూసినవాళ్ళ కంటే ఉత్సాహంగా ఉందని పైకి చెప్పుకున్నవాళ్ళే బాగా మాట్లాడినారని అందులో తేలింది. దడ రెండిటికీ ఒకటే కదా, పెళ్ళికి బయల్దేరినా పరీక్షకి బయల్దేరినా గుండె కొట్టుకునేది అట్లానే.

ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. ఎవర్నీ ఒకేసారి స్టేజీ మీదికి తోయరు. ముందు పక్కన కూర్చున్నోళ్ళతో మాట్లాడమంటారు, తర్వాత కూర్చున్న చోటే లేచి నిలబడి, తర్వాత ముందరికొచ్చి కుర్చీ పట్టుకొని, తర్వాత కుర్చీ తీసేసి, చివర్లో బయటోళ్ళని పిలిపించి వాళ్ళ ముందర. ఒక్కో మెట్టు దగ్గర భయం తగ్గేదాకా అక్కడే ఉంచుతారు, తొందర పెట్టరు. మా బ్యాచ్ లో మెడికల్ షాపు పెట్టుకున్న ఒక అన్న చాలా వారాలు కుర్చీ దగ్గరే ఉండిపోయినాడు, ఆయన్ని ఒక్క మాట అనలేదు, "నీ కాలం నీదప్పా, నిదానంగా రా" అన్నారు అంతే, ఆ అన్న ఆఖర్లో వాళ్ళ అసోసియేషన్ మీటింగులో లేచి మాట్లాడినాడంటే మేమందరం ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాం.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది చెప్తా. మన సీమలో స్టేజీ భయం అనేదాంట్లో సగం భాషా భయం. ఇంగ్లీషు రాదనే భయం ఒకటి, తెలుగులో మాట్లాడినా మన యాస చూసి నవ్వుతారేమో అనే భయం ఇంకొకటి. కాలేజీల్లో మొదటి రోజే ఇంగ్లీషులో సెల్ఫ్ ఇంట్రడక్షన్ చెప్పమంటారు, పల్లె నుంచి వచ్చిన పిల్ల లేచి రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాది, ఆ రోజు మూసిన నోరు నాలుగేండ్లు తెరవదు. ఇక్కడ మాస్టారు మొదటి నెలంతా నీ ఇంట్లో ఎట్ల మాట్లాడతావో అట్లనే మాట్లాడమంటారు. యాడికి పోయినావు, ఏం చేస్తాండావు అనే మాటలతోనే స్పీచ్ చెప్పొచ్చు, చెప్పించినారు కూడా. ఉరవకొండ దగ్గర్నుంచి వచ్చే డిగ్రీ అమ్మాయి వాళ్ళ నాయన వేరుశనగ వేసి వాన రాక ఎట్ల నష్టపోయినాడో వాళ్ళ ఊరి మాటల్లోనే చెప్తే హాలంతా నిశ్శబ్దం. ముందు వారం అదే పాప ఇంగ్లీషులో పర్యావరణం మీద బట్టీ పట్టింది అప్పజెప్పలేక మధ్యలో ఆగిపోయింది. తేడా కళ్ళతో చూసినాం.

గాంధీ సంగతి మాస్టారు ఇక్కడే చెప్తారు. లండన్ లో చదివేటప్పుడు శాకాహారుల మీటింగులో ఒక్క పేజీ రాసుకొని పోయి కూడా చదవలేక, కళ్ళు మసకబారి ఒణికిపోతే పక్కనాయన చదివి పెట్టినాడు. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసుకి లేచి నిలబడి ఒక్క ప్రశ్న కూడా అడగలేక తీసుకున్న 30 రూపాయల ఫీజు వెనక్కిచ్చేసినాడు. ఇవన్నీ ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. అదే మనిషి 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో అక్కడి మనోళ్ళందర్నీ కూర్చోబెట్టి మాట్లాడినాడు, ఎందుకంటే అప్పుడు రైల్లోంచి తోయించుకొని ఉన్నాడు, చెప్పి తీరాల్సిన విషయం చేతిలో ఉంది. మన గురించి ఆలోచించినంత సేపు ఒణుకు, విషయం గురించి ఆలోచించడం మొదలైతే మాట వస్తాది అని మాస్టారు ఈ ఒక్క పాయింటు మీద గంట సేపు మాట్లాడతారు, నాకైతే ఇంకా కాసేపు చెప్పినా బాగుండు అనిపించింది.

క్లాసు నడిపే పద్ధతి టోస్ట్‌మాస్టర్స్ వాళ్ళ దగ్గర్నుంచి తీసుకున్నదని ఆయనే చెప్తారు. అది 1924లో అమెరికాలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన నలుగురిలో మాట్లాడటం నేర్చుకునేవాళ్ళ కోసం మొదలుపెట్టిన సంస్థ. టైం చూసేవాళ్ళు పచ్చ, పసుపు, ఎరుపు కార్డులు చూపిస్తారు, ఎరుపు వస్తే ముగించాల. డబ్బాలోంచి చీటీ తీసి దాని మీద అప్పటికప్పుడే ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాల (నాకొచ్చింది "మీ ఊరి బస్టాండ్"). ఇంకొకరు మనం ఆ, ఊఁ, అంటే, మరి, సో అని ఎన్నిసార్లు అన్నామో లెక్క రాస్తారు, ఆ కాగితం చేతికిచ్చినప్పుడు ఎవరికైనా కొంచెం కష్టంగానే ఉంటాది గానీ, ఆ జాగాలో నోరు మూసుకొని ఒక్క క్షణం ఆగితే చాలని తెలిశాక మాట ఎంత శుభ్రంగా వస్తాదో. ఫీడ్‌బ్యాక్ ఇచ్చేటప్పుడు కూడా రూలుంది, బాగున్నది ఒకటి, మార్చుకోవాల్సింది ఒక్కటే చెప్పాల, అన్నీ ఒకేసారి చెప్పి మనిషిని కుంగదీయకూడదు.

ఒక ఆదివారం క్లాసు పెట్టకుండా అందర్నీ పొద్దున్నే కక్కలపల్లి టమోటా మార్కెట్ కి రమ్మన్నారు. వేలం పాడే ఆయన్ని చూడండి అన్నారు. నిజంగా అంత గోలలో, మైక్ లేకుండా, ఆయన గొంతు చివరి మనిషిదాకా పోతాంది, అరుస్తున్నట్టు కూడా లేదు, కడుపులోంచి గాలి తీసుకుంటున్నాడు. ఒక్కో వ్యాపారి మొహం చూసి రేటు చెప్తాండాడు, ఆఖరి రేటు చెప్పే ముందర సన్నగా ఆగుతాడు, ఆ ఆగడంతోనే అందరూ ఆయన వైపు తిరుగుతారు. మాస్టారు పుస్తకంలో చూపించి ఉంటే ఇది నాకు గుర్తుండేది కాదు.

ప్రెజెంటేషన్ భాగం నేర్పేది మాస్టారు వాళ్ళబ్బాయి, ఐటీలో చేస్తాడంట, ఆన్‌లైన్ లో వస్తాడు. స్లైడు మీద ఉన్నది చదవద్దు, ఒక స్లైడుకి ఒక్క విషయమే, స్క్రీన్ వైపు తిరిగి మాట్లాడొద్దు, ఇవి ఎవరైనా చెప్తారు. నాకు కొత్తగా తెలిసింది స్లైడ్‌షో నడుస్తున్నప్పుడు కీబోర్డు మీద బి నొక్కితే స్క్రీన్ నల్లబడుతాది, అందరి చూపు మన మీదికొస్తాది, మళ్ళీ నొక్కితే స్లైడు వచ్చేస్తాది. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం నోటికి రావాల, మధ్యలోది పాయింట్లు గుర్తుంటే చాలు అన్నాడు, ఇది బంగారం లాంటి సలహా, ఎందుకంటే దడ ఎక్కువగా ఉండేది ఆ మొదటి నిమిషమే. మైక్ సంగతి కూడా చెప్పినారు, స్పీకర్ బాక్సు ముందర నిలబడితే దాంట్లోంచి వచ్చే సౌండు మళ్ళీ మైక్ లోకి పోయి కుయ్యిమంటాది, బాక్సు మన ముందర వైపు ఉండేట్టు చూసుకొని దాని వెనక నిలబడాల.

ఇంక నచ్చనివి. వాళ్ళబ్బాయి స్లైడుల్లో ఒకటుంది, ఎదుటోళ్ళకి మన సంగతి చేరేదాంట్లో మాటలకి 7 శాతం, గొంతుకి 38, బాడీ లాంగ్వేజ్ కి 55 అని. ఇది చాలా చోట్ల చెప్తారు, తప్పు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు 1967లో చేసిన ప్రయోగాలు విడి విడి మాటలు, గొంతు, ఫోటోల్లో మొహాలు పెట్టి ఇష్టాయిష్టాలు ఎట్ల తెలుస్తాయి అని చూసినవి, అన్ని రకాల మాటలకీ ఈ లెక్క వేయొద్దని ఆయనే చెప్పినాడు. విషయం 7 శాతమే అని చెప్తే పిల్లలు విషయం చదవడం మానేసి చేతులు ఊపడం నేర్చుకుంటారు. అడిగితే మాస్టారు విన్నారు, తీసేస్తామన్నారు, తీసేసినారో లేదో కొత్త బ్యాచ్ వాళ్ళు చెప్పాల.

రెండోది, మన స్పీచులు వీడియో తీసి అందరూ ఉన్న వాట్సప్ గ్రూపులో పెడతారు. భయంతో వచ్చినోళ్ళకి ఇది మంచిది కాదు, ముఖ్యంగా ఆడపిల్లలకి. చేరేటప్పుడే నా వీడియో నాకు మాత్రమే పంపండి అని చెప్పండి, చెప్తే వింటారు, కానీ అడక్కముందే అదే రూలుగా ఉండాల్సింది. వీడియో మాత్రం చూసుకోండి, తప్పకుండా. నేను నా వీడియో చూసుకుంటే నాకు లోపల అంత ఒణుకు ఉన్నా బయటికి కనపడింది చాలా తక్కువ. దీని మీద కూడా రీసెర్చ్ ఉంది, సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు 2003లో వేసినది, మన లోపలి భయం ఎదుటోళ్ళకి అంతా తెలిసిపోతాంది అని మనం అనుకునేంత వాళ్ళకి తెలీదు, ఈ సంగతి ముందే చెప్పి పంపించిన వాళ్ళు మిగతావాళ్ళ కంటే బాగా మాట్లాడినారు కూడా. ఇంత మంచి విషయం కోర్సులో లేదు, నేను వేరే చోట చదివింది, మొదటి క్లాసులోనే చెప్పాలని నా కోరిక.

ఇంగ్లీషులో ఇంటర్వ్యూలకి, సెమినార్లకి తయారయ్యేవాళ్ళకి ఇది ఒక్కటే సరిపోదు, చివరి రెండు వారాలే ఇంగ్లీషు ఉంటాది. కానీ నోరు తెరుచుకున్నాక ఇంగ్లీషు నేర్చుకోవడం తేలిక, కాబట్టి ముందు ఇది చేసి తర్వాత అది చూసుకోండి. ఎండాకాలం హాలు చాలా వేడి, రేకుల కప్పు, రెండే ఫ్యాన్లు, నీళ్ళ బాటిల్ తీసుకపోండి. బ్యాచ్ లో ఇరవై మంది దాటితే ఒక్కొక్కరికి వచ్చే టైం తగ్గిపోతాది, చేరే ముందు ఎంతమంది ఉన్నారో అడగండి.

ఒకరు టాబ్లెట్ గురించి అడిగినారు, స్టేజీ ఎక్కే ముందు గుండె దడ తగ్గడానికి ప్రొప్రనలాల్ వేసుకుంటారంట కదా అని. మాస్టారు అది డాక్టరు చెప్పాల్సింది, నేను చెప్పేది కాదు అన్నారు, అది సరైన మాట, ఆస్తమా ఉన్నోళ్ళు అది వేసుకుంటే ఊపిరి ఆడక ప్రమాదం, స్నేహితులు చెప్పినారని మందుల షాపులో కొనుక్కోవద్దు.

నాకు ఏమైంది అంటే, భయం మొత్తం పోలేదు, లేచేటప్పుడు దడ ఇప్పటికీ ఉంది, కానీ మాట ఆగట్లేదు. ఇంతకుముందు రైతుల మీటింగులో సర్క్యులర్ చదివేసి కూర్చునేదాన్ని. మొన్న శింగనమల వైపు ఒక ఊర్లో చీనీ వేరుకుళ్ళు మీద మాట్లాడేటప్పుడు కాగితం పక్కన పెట్టి "మీ తోటల్లో ఈ ఏడు ఎన్ని చెట్లు ఎండినాయి పెద్దాయనా?" అని ముందర కూర్చున్నాయన్ని అడిగినా. ఆయన చెప్పినాడు, పక్కాయన చెప్పినాడు, అక్కడి నుంచి నీళ్ళు మొదలుకి తగలకుండా డబుల్ రింగ్ పాదులు ఎట్ల చేసుకోవాల, మొదలుకి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) ఎందుకు పూయాల అన్నీ వాళ్ళు అడుగుతా ఉంటే నేను చెప్తా ఉన్నా. అయిపోయాక ఒక పెద్దాయన వచ్చి "మా తోటకొచ్చి ఒకసారి చూడు పాపా" అన్నాడు. మీటింగు తర్వాత నన్ను అట్ల తోటకి పిలవడం అదే మొదలు.

కొత్తగా చేరేవాళ్ళు మొదటి ఆదివారం డబ్బు కట్టకుండా వెనక కూర్చొని చూడొచ్చు, ఆ రోజు మిమ్మల్ని మాట్లాడమని అడగరు. బస్టాండ్ నుంచి షేర్ ఆటోలు సాయినగర్ వైపు దొరుకుతాయి. దూరం ఊర్ల నుంచి వచ్చే ఆడపిల్లలు పదిన్నర బ్యాచ్ అడగండి, మధ్యాహ్నం బస్సు అందుతాది, సాయంత్రం బ్యాచ్ అయిపోయేసరికి చీకటి పడుతాది.