మెడ గడ్డ తీశాక రెండు రిపోర్టులు రెండు రకాలుగా చెబితే ఏది మేలు?

పోయినేడాది మా తమ్ముడి భార్యకు మెడ గడ్డ తీయించినప్పటి నుంచి, మిర్యాలగూడ, దేవరకొండ బంధువులు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: ఒక రిపోర్టు టీబీ అంటోంది, ఇంకొకటి లింఫోమా (గడ్డల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్) అనుమానం అంటోంది, ఏం చేయాలి?

టీబీ మందులు వాడి చూద్దామనే వారే ఎక్కువ. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, ఆరు నెలల్లో అయిపోతుంది. క్యాన్సర్ మాట వినకూడదని మనసు కూడా అటే లాగుతుంది. మాకూ లాగింది. కానీ టీబీలో కనిపించే గ్రాన్యులోమాలు, అంటే కణాల చిన్న ముద్దలు, లింఫోమాలో ఒక రకమైన హాడ్జ్‌కిన్ గడ్డలోనూ ఉండవచ్చు. పైగా నిజంగా టీబీయే అయినా, మందులు పడుతుండగానే కొందరికి గడ్డలు పెరుగుతాయి. అంటే గడ్డ తగ్గిందా పెరిగిందా అన్నదాన్ని బట్టి జబ్బు తేలదు. లింఫోమా అయితే ఆ నెలలు ఊరికే పోతాయి.

మళ్లీ ఆపరేషన్ అంటే, మొదటి ముక్క చాలనప్పుడో కొత్త గడ్డ వచ్చినప్పుడో ఆలోచించాలి. అలా చేయిస్తే కొంత ముక్కను సెలైన్‌లో విడిగా పంపమని ముందే అడగండి. ముక్క పాడవకుండా వేసే ఫార్మలిన్ మందులో పడ్డది టీబీ కల్చర్‌కు, అంటే టీబీ క్రిములను పెంచి చూసే పరీక్షకు, పనికిరాదు. లింఫోమా తేల్చడానికి సూది పరీక్ష సాధారణంగా చాలదు.

నేను గట్టిగా చెప్పేది బ్లాకులు తీసుకెళ్లి ఇంకో పాథాలజిస్టుకు (గడ్డ ముక్కలు పరీక్షించే డాక్టరుకు) చూపించడం గురించే. తీసిన గడ్డ ముక్కల చుట్టూ ల్యాబులో మైనం పోసి దాస్తారు, అవే బ్లాకులు. బొటనవేలంత ప్లాస్టిక్ పెట్టె, దాని అంచున పెన్సిల్‌తో రాసిన నంబరు. మైక్రోస్కోపు కింద చూసే గాజు స్లైడు మీద ఉండేది అందులోంచి కోసిన ఒక్క పొర మాత్రమే. స్లైడ్లే తీసుకెళితే ఆ పొరనే మళ్లీ చూస్తారు. బ్లాకు ఉంటే కొత్త పొరలు కోసి కణాల రకాన్ని గుర్తుపట్టే సీడీ30, సీడీ15 వంటి ఇమ్యునో పరీక్షలు చేయగలరు. మాది అలాగే తేలింది, హాడ్జ్‌కిన్ అని. కొత్త కోత పడలేదు, రోగి కదలనే లేదు. తమ్ముడు ఒక్కడే బస్సెక్కి హైదరాబాద్ వెళ్లాడు.

బ్లాకులు రాతపూర్వకంగా అడిగి, సంతకం పెట్టి తీసుకోండి. నల్లగొండ ఎండల్లో ఆపిన కారులో వదలకండి, మైనం మెత్తబడుతుంది. లింఫోమాలు రోజూ చూసే పెద్ద ఆసుపత్రి పాథాలజిస్టుకే ఇవ్వండి. రెండు రిపోర్టులూ ఇవ్వండి, ఒకటి దాచవద్దు. జ్వరం, రాత్రి చెమటలు, తగ్గిన బరువు ఒక కాగితం మీద రాసి వాటికి జతచేయండి.