పిచ్ రాయడం నేర్పే కోర్సు: మూడేళ్లు వాడాక

ఫ్రీలాన్స్ రచయితలకు పిచ్ (ఫలానా వ్యాసం రాస్తానని ఎడిటర్‌కు పంపే చిన్న ప్రతిపాదన) రాయడం నేర్పే ఈ రికార్డెడ్ కోర్సు 2022 చివర్లో కొన్నాను. ఆరు వేలు. తిట్టేది కూడా ఉంది కాబట్టి పేరు చెప్పను. పది పాఠాలు, ఇరవై టెంప్లేట్లు. పాఠాల్లో నిజంగా పనికొచ్చింది రెండోది ఒక్కటే. ఆ ఒక్కదానితోనే డబ్బులు గిట్టాయి.

మనం ఎడిటర్లకు పంపేది చాలావరకు సబ్జెక్టే, స్టోరీ కాదంటుంది ఆ పాఠం. వినేటప్పుడు తలూపాను గానీ, ఏటికొప్పాక బొమ్మలతో గానీ నాకది తలకెక్కలేదు. 2023లో నేను పంపిన పిచ్ ఇదీ: "ఏటికొప్పాక లక్క బొమ్మల చరిత్ర, విశిష్టతలపై 1,500 పదాల వ్యాసం రాయగలను." ముగ్గురికి పంపితే ఒక్కరూ పలకలేదు. ఎందుకు పలుకుతారు? వరాహ నది ఒడ్డు, అంకుడు కర్ర, గింజలూ బెరళ్లతో చేసే రంగులు, 2017లో వచ్చిన జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర), అన్నీ వాళ్లు ఎప్పుడో చదివేసినవే.

2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఆ బొమ్మలతోనే కదిలింది. అది చూశాక ఊళ్లో ఇద్దరు కళాకారులకు ఫోన్ చేసి, రాత్రి మళ్లీ కూర్చున్నాను. సబ్జెక్ట్ లైన్: "బొమ్మ శకటమెక్కింది, చేయడానికి కర్ర దొరకట్లేదు". కింద నాలుగే ముక్కలు: అంకుడు కర్రకు వాళ్లు పడే తిప్పలు, అందులో ఒకాయన అన్న మాట, ఈ వారమే ఎందుకు వేయాలో, ఫొటోలు ఎవరు తీస్తారో. మర్నాడు పదకొండింటికల్లా జవాబు: "1,200 పదాలు, శుక్రవారంలోపు."

ఆ ఫోన్లు చేయమని మాత్రం కోర్సులో ఎక్కడా లేదు. కుర్చీలోంచి లేవకుండానే పిచ్ తయారైపోతుందన్నట్టు చెబుతారు.

టెంప్లేట్ల జోలికి అసలు పోకండి. "మీ పత్రికను ఎంతో కాలంగా అభిమానంతో చదువుతున్నాను" అని మొదలయ్యేది ఒకటి పంపితే, "ఈ వారం ఇదే ఉత్తరం నాకిది మూడోదండీ" అని రాశారు ఒక ఎడిటర్. సిగ్గుతో చచ్చాను. ఉదాహరణలన్నీ న్యూయార్క్, లండన్ పత్రికలవి. మన ఆదివారం అనుబంధాలకు రాసేవాళ్లకు తెలుసు, అక్కడ పిచ్ అంటే "ముందు ఆర్టికల్ మొత్తం పంపండి, చూద్దాం" అంటారు. దాని గురించి ఒక్క మాట లేదు. పారితోషికం ముందే ఎలా అడగాలన్న పాఠం ఆరు నిమిషాలు. నాకు ఒకచోట డబ్బులు రావడానికి ఐదు నెలలు పట్టింది.

వారం ఆగి ఒక్కసారి గుర్తు చేయమన్న సలహా మాత్రం బాగా పనిచేసింది. మొదట పలకనివాళ్లు కొందరు రెండో మెయిల్‌కి ఒప్పుకున్నారు.

కొనొచ్చా అంటే, ఆఫర్‌లో సగం ధరకు వస్తే కొనండి. రెండో పాఠం రెండుసార్లు చూసి, టెంప్లేట్ల ఫోల్డర్ డిలీట్ చేసేయండి. ఇప్పుడు సర్టిఫికెట్ కూడా ఇస్తున్నారట. నన్నైతే ఇంతవరకు ఏ ఎడిటరూ అడగలేదు.