పాత కాలేయం తీసేయాలా, ఉంచాలా?

నేను ఎలుకలకు కాలేయ మార్పిడి చేసే ల్యాబులో ఉంటానని తెలిస్తే చాలు, నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో రోగిని చెన్నైకి తెచ్చిన మనవాళ్లు ఒకటే అడుగుతారు: "పాతది తీసేయాల్సిందేనా అన్నా, పక్కన ఇంకోటి పెడితే చాలదా?" పోయిన నెల కొత్త ప్రయోగం మొదలుపెట్టేటప్పుడు మా గైడూ ఇదే అడిగారు. పక్కన పెట్టే పద్ధతే నేను తీసుకున్నా.

తీసేయాలనే వాళ్ల మాటా కొట్టిపారేసేది కాదు. చచ్చిన కాలేయం లోపలున్నంతసేపూ విషం కక్కుతూ బీపీని నిలవనివ్వదు. కానీ తీసి పెట్టే నడుమ ఒంట్లో కాలేయమే ఉండదు. పోర్టల్ సిర (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చేది) బిగించగానే ఎలుక పేగులు కళ్లముందే నల్లబడతాయి. కామాడా అనే సర్జన్ పద్ధతిలో ఈ సిరకు కుట్లుండవు, చిన్న ప్లాస్టిక్ గొట్టం తొడుగుతాం (ఐవీ క్యాన్యులా కోస్తే సరిపోతుంది). అయినా పాతిక నిమిషాలు దాటితే ఎలుక దక్కడం కష్టమే. ఆరోగ్యంగా ఉన్నదానికే అంత గండం.

పక్కన పెడితే ఆ గండం లేదు. అయితే 1955లో వెల్చ్ అనే అమెరికన్ సర్జన్ కుక్క పొట్టలో రెండో కాలేయం పెడితే అది ముడుచుకుపోయింది. ఒళ్లు ఒప్పుకోలేదనుకున్నారు. అసలు లోటు రక్తానిదని తర్వాత కాలేయ మార్పిడికి దారి వేసిన సర్జన్ స్టార్‌జల్ బృందం పనితో తేలింది: పేగులు, క్లోమం నుంచి వచ్చే పోర్టల్ రక్తం, అందులోని ఇన్సులిన్ దానికి అందలేదు. నా లెక్కలో తేల్చేది ఇదే. ఎక్కడ పెట్టామన్నది తర్వాత, పోర్టల్ రక్తం ఇచ్చామా లేదా? ఇస్తే కొత్తది నిలబడుతుంది, ఈలోగా పాతది కోలుకోవచ్చు. మూడింట రెండొంతులు కోసేసినా ఎలుక కాలేయం పది రోజుల్లో దాదాపు పాత బరువుకొస్తుంది మరి. మనుషుల్లోనైతే పాతది తేరుకున్నాక, ఒళ్లు కొత్తదాన్ని తిప్పికొట్టకుండా ఇచ్చే మందులు ఆపి కొత్తదాన్ని వదిలేయొచ్చు, జీవితాంతం మాత్రలుండవు.

ఒక మెలిక ఉంది. పందికి కాలేయానికెళ్లే రక్తమంతా కట్టేసి జబ్బు తెప్పిస్తే పాతది ఎప్పటికీ లేవదు. అక్కడ రెండు పద్ధతుల్నీ పోల్చి పక్కకాలేయం వల్ల లాభం లేదంటే అన్యాయం. కాలేయాన్ని దెబ్బతీసే గెలాక్టోసమైన్ అనే రసాయనం ఇచ్చిన ఎలుకలోనైతే కోలుకునే వీలుంటుంది. పేపర్ చదివేటప్పుడు ముందు నేను చూసేది ఇదే.

మార్పిడి బదులు కాలేయ కణాల్ని ప్లీహంలోకి ఎక్కించడం చిన్న జంతువుల్లో బాగానే ఉంది, పెద్దవాటికి అన్ని కణాలు కావాలంటే కష్టం. పంది కాలేయం సంగతి ఇప్పుడిప్పుడే. 2024లో చైనాలో జన్యువులు మార్చిన పంది కాలేయాన్ని బ్రెయిన్‌డెడ్ అయిన మనిషిలో పెట్టి పది రోజులు గమనించారు. వాళ్లూ పాతది తీయలేదు.

ఈ వారం మొదటి బ్యాచ్. తొమ్మిదో రోజున పొట్ట తెరిచి పాతదీ కొత్తదీ విడివిడిగా తూస్తాం.